రెండు పరుగుల గడ్డి

కాలేజీ గ్రౌండుకి బండి కొనాలనీసి
బొబ్బిల్లో కమిటీ కూకుంది.
కూకుని నడిపే గడ్డికోత బండి.
టేబులు మీద మూడు బొమ్మలు, మూడు రేట్లు.
ఎర్రది బాగుందన్నాడు ప్రెసిడెంటు.
పెద్దది బాగుందన్నాడు కేషియరు.
"సన్నాసప్పడూ, నువ్వేటంతావు?" అని
తలుపుకాడున్న నన్ను
ద్వారపురెడ్డి మాస్టారొక్కడే అడిగినాడు.

నానేటంతాను బావూ.
మన గేటు మూడున్నర అడుగులు,
పెద్దదాని కత్తుల డొప్ప నాలుగంట,
గోడ బద్దలుకొడితే గానీ లోపలికి రాదన్నాను.
ఈశాన్యం మూల పల్లం,
వానాకాలం ఆడ మేకైనా దిగబడిపోద్ది,
బరువు సూడండన్నాను.
బెల్టు తెగితే ఈ ఊళ్లో దొరుకుద్దా,
వైజాగు బస్సెక్కాలా, అదడగండన్నాను.
రంగంతారా,
ఎండకి ఎలగూ ఎల్లిపోద్ది.

సిన్నదే వొచ్చింది. పాతదే.
ముప్పై రెండేళ్లు తోసుడు మిషను ఎనకాల నడిసినోణ్ని,
మోకాలి సిప్పలు అరిగిపోనాయి.
సీటెక్కితే అంబారీ ఎక్కినట్టున్నావని గుంటలు నవ్వినారు.
నానూ నవ్వినాను.
రెండో సుట్టులో నవ్వాగిపోయింది.
పాదం నేలకి తగలడం నేదు.
గరికో తుంగో, తడో పొడో,
ఏటీ తెలీడం నేదు.
అరికాలితో సదువుకున్న పుస్తకం
ఎవుడో సేతిలోంచి లాగీసినట్టయింది.

అందుకే బండి తీసీకముందు
ఇప్పుడు గంటసేపు నడుస్తాను.
మేకులు, సోడా మూతలు, గాలిపటం దారం,
ఎవర్దో కాలిపట్టీ మువ్వ, అన్నీ సంచీలోకి.
కత్తికి తగిల్తే కత్తి పోద్ది,
ఎగిరి తగిల్తే కన్ను పోద్ది.
ఇది బండితో వొచ్చిన పుస్తకంలో కూడా ఉందని
మాస్టారు సదివి సెప్పినాడు.
అలగైతే అది రాసినోడు
ఎప్పుడో నడిసినోడేనన్నాను.

మిగతావి బండే నేర్పింది.
తడిగడ్డి కోస్తే డొప్పలో ముద్దకట్టీసుద్ది,
అట్లకాడతో గోకాల.
అట్లకాడ కోసం ఇల్లంతా ఎతికి
మా ఆడది నన్ను కాదు, బండిని తిట్టింది.
నూనె తేనెరంగుంటే ఉండనీ,
డికాసను రంగైతే మార్సు.
ఎలకలు వైర్లు కొరికీకుండా కలరా ఉండలు.
బెల్టుని బొటనేలితో మీటాల.
గొల్లపల్లిలో వీణలు సేసీవోళ్లు మా బావమరుదులు,
ఒకసారి మీటి సూసి
"ఇంకాస్త బిగువు బావా" అన్నారు.

కత్తులు మాత్రం వీరాచారి కొలిమికే.
అరగదీసి, నడిమి బెజ్జాన్ని గోడ మేకుకి తగిలిస్తాడు.
ఏ కొస కిందకి దిగితే
ఆ కొసకి ఇంకో రెండు రుద్దులు.
"తూకం తప్పిన కత్తి గడ్డిని కొయ్యదు,
నమిలీసుద్ది" అంతాడు.
కమిటీ గురించన్నాడేమో,
నానడగనేదు.

మొన్న ఆషాడంలో నడుస్తుంటే
లాంగాన్ కాడ తీతువు పిట్ట
నా నెత్తిమీదే గింగిరాలు కొడతా అరిసింది.
ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపీసినాను.
మట్టిరంగు గుడ్లు, నాలుగు.
సీటు మీంచైతే కనపడీవి కావు.
కొత్త కళ్లద్దాలెట్టుకున్నా
కనపడీవి కావు.

నాలుగు కర్రలు పాతి మంచమంత జాగా వొదిలీసినాను.
ఆదివారం మేచ్.
"బోడిగుండు మీద ఆ పిలకేటి?" అన్నాడు ప్రెసిడెంటు.
మాస్టారు కెప్టెన్లిద్దర్నీ పిలిసి
"బంతి ఆ కర్రల్లోకెళ్తే రెండు పరుగులు.
ఎవరూ తియ్యకూడదు,
ఇంకో బంతి నేనిస్తా" అన్నాడు.

రాజాం వోళ్లు సరిగ్గా ఆ రెండు పరుగుల్తోటే గెలిసీసినారు.
మన గుంటలు నాతో మాటాడ్డం నేదు.

బంతి ఇంకా ఆడే ఉంది, ఎర్రగా,
అయిదో గుడ్డునాగ.
పిట్ట దాన్ని కూడా కడుపు కిందకి లాక్కుంటన్నాదేమో అని
బండి ఆపీసి, దిగి,
దూరంగా నిలబడి సూస్తన్నాను,
ఇంజను సల్లారీదాకా.