వెంట్రుకవాసి వెనక

మార్కాపురం పలకల షెడ్డులో
రంపం కిందికి రాయి తోసేవాడు వాళ్ళ నాన్న.
పళ్ళు రాయిని పట్టుకునే ముందు
చిన్న ఖాళీ ఒకటి ఉంటుంది.
జెకర్యా డ్రమ్ములన్నీ ఆ ఖాళీలోనే మోగేవి.

స్నేర్ మీద దెబ్బ
మేం కాచుకున్న చోట పడదు,
వెంట్రుకవాసి వెనక పడుతుంది,
కొత్త చెప్పులేసుకున్నవాడు పెళ్ళిపందిట్లో నడిచినట్టు.
మొదటేడాదంతా కొట్లాడాను.
టైముకి రారా, అని.
"నేనొచ్చే ఉండా అబయా,
నువ్వే ముందొచ్చి కూర్చున్నావు."

ఒంగోల్లో రైలుగేటు పక్కన గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, తలుపుకి చిరిగిన పరుపు.
బ్యాండు పేరు మూడో గేటు.
గూడ్సు వస్తే ముగ్గురం ఆపేసేవాళ్ళం.
అతను ఆపడు.
హైహ్యాట్ సగం తెరిచి
పెట్టెలు లెక్కపెడుతున్నట్టు సన్నగా,
గార్డు పెట్టె దాటాక
ఎక్కడ ఎక్కాలో కనుబొమతో చూపించేవాడు.

టంగుటూరు వేలంలో పొగాకు బేళ్ళు మోసి
కొన్న సింబల్ ఒక్కటే.
రెండో ఏటికి అంచు చీలింది.
ఆ చీలిక మీదే కొట్టేవాడు, పాటకి ఒక్కసారి,
ఎవరో పక్కింట్లో తుమ్మినట్టుండేది.

ఆదివారాలు చర్చిలో.
పాస్టరు గారు సౌండు తగ్గాలని
అతనికి అడ్డంగా పరదా కట్టించారు.
పరదా వెనక నుంచి కూడా ఆలస్యంగానే.

హైదరాబాదులో ఒక స్టూడియో వాళ్ళు పిలిచారు.
చెవిలో క్లిక్ పెట్టుకుని
మూడు రోజులు తప్పు లేకుండా వాయించి
డబ్బు లెక్క చూసుకుని వచ్చేశాడు.
"గడియారం పక్కన పడుకున్నట్టుందిరా."
మళ్ళీ పిలిచారు. ఫోను ఎత్తలేదు.
ఆ నెల గది అద్దె నేనే కట్టాను,
అది ఇంకా అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాను.

ఆల్బం ఒక్కటే, ఆరు పాటలు.
నాలుగో పాట మధ్యలో పినాకిని పోతుంది.
తీసేద్దాం అన్నాను.
"తీసేస్తే
నేనెవరితో వాయించినట్టు?"

మొన్న కొత్తపట్నం ఒడ్డున
కావలి కుర్రాళ్ళ బ్యాండులో వాయించాడు.
మణికట్టుకి క్రేప్ గుడ్డ, నెత్తిన నెరిసిన జుట్టు.
నేను జనంలో, ఇసకలో, చేతిలో మొక్కజొన్న పొత్తు.
అతన్ని ఎదురుగా నిలబడి వినడం అదే మొదలు.

రెండో పాటలో బేస్ కుర్రాడు
గిరుక్కున వెనక్కి తిరిగి గుర్రుమన్నాడు.
జెకర్యా వాడి వైపు చూడలేదు.
అల ఒకటి విరగబోయి ఆగినట్టు ఆగి
అప్పుడు కొట్టాడు.

నా కాలు మాత్రం
అప్పటికే ఇసకలో తాళం వేసేసింది.