గాలి దారి

పుదుప్పేట సందుల్లోంచి గోనెసంచిలో
రెండు మేనిఫోల్డులు మోసుకొచ్చాడు అరుళ్‌దాస్.
నా బల్ల మీద పక్కపక్కనే నిలబెట్టాడు,
పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు.

రెండూ అల్యూమినియమే. రెండూ ఎనిమిది సిలిండర్ల ఇంజనుకే.
ఒకటి పొడుగు, తళతళ.
లోపల ఒకటే గది, ఎనిమిది తిన్నని పొట్టి దారులు.
ఇంకోటి పొట్టిది, బూడిదరంగు.
నడుమ అడ్డుగోడ, చుట్టూ తిరిగిపోయే సందులు,
అన్నదమ్ములు వేరుపడి
ఒకే వాకిలి వాడుకుంటున్నట్టు.

"పొడుగుదే అక్కా! ఆరువేలు దాటితే దీన్ని మించింది లేదంట."
సగం తెలుగు, సగం అరవం, మొత్తం ఉబలాటం.
ఎవరన్నార్రా?
"అమ్మినాయన."

నేనేం మాట్లాడలేదు. గాలి నా కంటికి ఆనదు,
చిటికెన వేలితో చూస్తాను.
దారి లోపలికి వేలు పోనిచ్చి
పోత పోసినప్పుడు మిగిలిన గరుకు
ఇసుకరేణువంత, తడిమాను.

కాసిమేడు ట్రాలర్ల కింద పడుకుని
నడుము అరగదీసుకున్న మా నాన్న అనేవాడు:
ఇంజను తినేది గాలమ్మా.
పద్నాలుగు ముద్దల గాలికి ఒక్క బద్ద పెట్రోలు.
అందరూ ఊరగాయ గురించే మాట్లాడతారు,
అన్నం సంగతి ఎవడికీ పట్టదు.

రోడ్డు మీది బండికి గేర్లున్నాయి అరుళూ,
ఎత్తొస్తే మారుస్తావు, పల్లమొస్తే వదిలేస్తావు.
పడవకి అంతా ఎక్కుడే, దిగుడు లేదు.
నీళ్ళలో కూలబడ్డ తోకని
నీళ్ళ మీదికి లేపాలి ముందు.
అది ఆరువేల దగ్గర జరిగే పని కాదు,
రెండున్నర వేల దగ్గర, ఊపిరి బిగబట్టి.

పోయినేడు ఎన్నూరు మొగ దగ్గర
జెండా పడ్డాక
నీ పడవ ముక్కెత్తి ఆకాశం చూస్తూ
అట్లాగే కూర్చుంది. పదకొండు లెక్కపెట్టాను.

"అది ప్రొపెల్లర్ తప్పు."
కొంత, అవును.

చపాతీపిండి ముద్ద ఒకటి పొడుగుదాని నెత్తిన పెట్టి
పడవ దాకా తీసుకెళ్ళి ఇంజను మీద ఆనించి
మూత మూయమన్నాను.
తీసి చూస్తే పిండి అప్పడమైంది.
పొడుగుది కావాలంటే మూతకి కన్నం కొట్టాలి,
కన్నం కొడితే కెరటం నేరుగా ఇంజను గొంతులోకి.
వాడు ఆ అప్పడాన్ని చాలాసేపు అరచేతిలో పెట్టుకున్నాడు.

అప్పుడు పొట్టిదాన్ని తిరగేశాను.
నీళ్ళు పోయే దారి అంచున
తెల్లగా, పొడిగా, ఉప్పు పువ్వు.
గోరు పెడితే దిగింది.
ఇది ఇంతకుముందే ఏదో పడవలో కాపురం చేసొచ్చింది,
అమ్మినాయన ఆ మాట చెప్పలేదు.

నేను మెచ్చింది రోగిష్టిది,
వాడు మెచ్చింది మూతలో పట్టదు.
నవంబరు వాన రేకుల మీద దంచుతోంది,
రాయపురం గేటు పడి బస్సులు హారన్లు కొడుతున్నాయి,
ఇద్దరం ఒకే గ్లాసు టీ సగం సగం తాగాం.

వ్యాసర్‌పాడిలో జైనులాబ్దీన్ దగ్గర
తిన్నచోటల్లా వెల్డింగు పోయించాను.
కాగితం మీద గాస్కెట్ గీసి, పెన్సిలు గీత దాకా
మూడు రాత్రులు ఆకురాయితో రాశాను.
మా అమ్మాయి ముక్కు మూసుకుని అన్నం పెట్టింది.

మొన్న తెల్లారుజామున నీళ్ళలోకి దించాం.
ఒకటి, రెండు, మూడు, నాలుగు
అనేలోపు తోక లేచింది.
అరుళ్ అరిచిన అరుపుకి
వలలు దులుపుతున్నవాళ్ళు తలలెత్తారు.

ఆ తరవాత, మొగ దాటి నీళ్ళు చదునయ్యాక
ఇంజను ఇంకా అడిగింది.
పొట్టిది ఇవ్వలేకపోయింది.
ఆ చిన్న ఆయాసం నాకు వినిపించింది,
వాడికీ వినిపించింది.
ఒడ్డుకొచ్చేదాకా ఆ మాట ఎత్తలేదు ఇద్దరం.

పొడుగుది నా అల్మారా పైన ఉంది.
బాకీ తీర్చడానికని వచ్చినప్పుడల్లా
జేబురుమాలు తీసి దాని దుమ్ము తుడిచి పోతాడు.
బాకీ మాత్రం అట్లాగే ఉంది.