అరువిచ్చిన నోరు

మా ఇంట్లో దేవుడి లెక్క
ఎన్నడూ కుదరలేదు.

హొమొరోద్ వాగు ఒడ్డున
మంచు మోకాళ్ళదాకా పడే ఊళ్ళో రెండు చర్చీలు.
నాన్న వెళ్ళేదాని గుమ్మం మీద చెక్కిన మాట: దేవుడు ఒక్కడే.
అమ్మ వెళ్ళేదాంట్లో, లోపలికి అడుగుపెట్టగానే
సిలువ మీద ఆయన.
ముద్దులకు పాదాల రంగు వెలిసిపోయి
కొయ్య బయటపడి.

మా సీమ ఆచారం:
కొడుకుది తండ్రి దారి, కూతురిది తల్లి దారి.
అట్లా గెర్గో ఆయన మనిషని నేర్చుకున్నాడు,
నేను దేవుడని.
ఒకే మంచం మీద
దుప్పటి కోసం కొట్టుకున్నంత సులువుగా
ఆయన కోసం కొట్టుకునేవాళ్ళం.

"దేవుడైతే ఆకలెందుకు వేసింది?"
"మనిషైతే నీళ్ళమీద ఎట్లా నడిచాడు?"
ఆ జనవరిలో గడ్డకట్టిన వాగు మీద
వాడు అటూ ఇటూ నడిచి చూపించాడు,
చేతులు చాపి, గొప్పగా,
మధ్యలో జారి పడేదాకా.

నాన్న దేనెష్ పీపాలు కట్టేవాడు.
ఓక్ పలకల్ని నిప్పు సెగకు వంచి
ఇనుప పట్టీ బిగించేవాడు.
రెండు చర్చీలకూ ద్రాక్షారసం
ఆయన పీపాల్లోనే వచ్చేది.
అదే పీపా, అదే రసం.
అమ్మ దగ్గర రక్తం,
నాన్న దగ్గర జ్ఞాపకం.
"పీపాకేం తెలుసు?
కారకుండా ఉండటమే దాని విశ్వాసం" అనేవాడు.

అమ్మ నవ్వేది కాదు.
ఒకరాత్రి, రొట్టె మీద కత్తిమొనతో సిలువ గీస్తూ అంది:
"నువ్వు ఆయన్ని గురువంటావు.
నేను మట్టిచేసిన ఇద్దరు బిడ్డలకి
గురువు చాలడు, దేనెష్."

పొయ్యిలో కట్టె చిటపటలు.
చాలాసేపటికి నాన్న:
"ఆయన దేవుడైతే
ఆ తోటలో పట్టిన చెమట నాటకమైపోతుంది.
నాలాగే భయపడ్డవాడు కావాలి నాకు."
లాంతరు తీసుకుని
కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

తర్వాత చాలా పుస్తకాలు చదివాను.
పుట్టినవాడా, చేయబడినవాడా,
తండ్రితో సమానమా, ఒక మెట్టు కిందా.
ఏ పుట తిప్పినా
ఆ కట్టె చిటపటలే.

ఫిబ్రవరిలో అమ్మకు నోరు పడిపోయింది.
ఫాదర్ బయల్దేరాడు గానీ
కనుమ దగ్గర మంచు దారి మూసేసింది.
అమ్మ కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి:
గోడమీద సిలువ,
నాన్న ముఖం,
సిలువ, నాన్న.

నేను జపమాల తీశాను.
నాన్న నా చేతిలోంచి తీసుకున్నాడు.
సెగకు మొద్దుబారిన ఆ వేళ్ళకి
పూసలు దొరకవు.
మంచం పక్కన నేలమీద దిగబడ్డాయి మోకాళ్ళు,
కొత్త పీపాలాగా కిర్రుమంటూ.

"యేసూ, నా దేవుడా" అన్నాడు నాన్న.

ఒక్కో మాటనీ పలక వంచినట్టు వంచాడు.
తప్పు చోట ఆగితే
అమ్మ కుడిచేతి వేలు దుప్పటి మీద తట్టేది.
మళ్ళీ మొదటినుంచి.
తెల్లారగట్ల వేలు ఆగింది.
ఆయనకు తెలియలేదు,
లేక తెలిసే
మాల పూర్తయ్యేదాకా ఆగలేదు.

మట్టిచేసి వచ్చాక
పాలింకా గ్లాసు ముందు గెర్గో అడిగాడు:
"అయితే చివరికి ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోలేదు.
మీ అమ్మకు నా నోరు అరువిచ్చాను.
అరువిచ్చిన నోటితో
నా మాట ఎట్లా మాట్లాడతాను?"

ఆదివారం తన చర్చికే వెళ్ళాడు,
తన బల్ల మీదే కూర్చున్నాడు.
జపమాల మాత్రం తిరిగివ్వలేదు.

ఆయన పోయాక దొరికింది,
పనిముట్ల పెట్టెలో, బాడిస పక్కన.
పూసల సందుల్లో ఓక్ పొట్టు.
ఒక్క పూస మిగతావాటికన్నా
బాగా నున్నబడి ఉంది.

అది ఏ మాట దగ్గర వస్తుందో
లెక్కపెట్టి చూద్దామన్నాడు గెర్గో.

నేను మూత వేశాను.