మార్పిడి చీటీ

"ఆదివారం నువ్వు చెయ్యి,
నీ గురువారం నేను చేస్తా."
నర్సుల గదిలో గడియారం కింద నిలబడి
ఫిలోమినా బేరం పెడుతుంది,
వంకాయలకి పెట్టినట్టే.

ఒప్పుకుంటాను.
గురువారం కుందన బళ్ళో నాటకం.
ఆదివారం పోతే
హొసకోటలో పంకజాక్షి కొత్తింట్లో
పాలు పొంగడం చూడలేను.
హాస్టలు విడిచాక ఇది తనకి మూడో ఇల్లు.
నాకు తెలిసింది
మొదటింటి వంటగది ఒక్కటే.
పేరు కొట్టేసి, పేరు రాసి, సంతకం.
ఇంత చిన్న చీటీలో ఎవరి ఆదివారం ఎటు పోయిందో
రాయడానికి గడి లేదు.

ఆ ఆదివారం
చింతామణి నుంచి తొలి బస్సుకే వచ్చాడు బయ్యప్ప.
మిషను దగ్గరికి తీసుకెళ్ళేముందు బరువు చూస్తాను.
మూడు కిలోల నీళ్ళు ఎక్కువున్నాయి ఒంట్లో.
అంతా ఒక్కసారే లాగితే
పిక్కలు పట్టేస్తాయి, కళ్ళు తేలేస్తాడు.
అందుకని కొంత తీస్తాం,
కొంత ఉంచేస్తాం.
ఈ పని నేర్చుకోవడానికి ఆర్నెల్లు పట్టింది నాకు,
ఉంచెయ్యడం.

"ఏం తిన్నావు పెద్దాయనా?"
"సగం మామిడిపండు తల్లీ."
"సగమేనా?"
"టెంక కూడా చీకితి."
నేను అరిచాను. అరవడం నా ఉద్యోగం.
ఆయన చెయ్యి చాపి, సూది వైపు చూడకుండా,
"దానికెంత ఐతాదో నువ్వు కట్టుకో.
నేను లెక్కేసుకొనే తింటి" అన్నాడు.

ఇంట్లో ఓబులేసు
ఐదొందల డీ బస్సు నడుపుతాడు,
హెబ్బాళ నుంచి సిల్క్‌బోర్డు, మళ్ళీ హెబ్బాళ.
ఊరంతా తిరిగి ఎక్కడికీ వెళ్ళనివాడు.
ఇద్దరం కలిసి మేలుకునుండేది
రోజుకి గంటా పది నిమిషాలు.
అందులో పావుగంట గ్యాసు సిలిండరు గురించే.
మిగతాది ఏం చేస్తామో ఒక్కోసారి గుర్తుండదు.
మొన్న వానలో కరెంటు పోతే
మెట్లమీద కూర్చుని వేరుశనక్కాయలు వొలిచాం,
అది గుర్తుంది.

గురువారం వెళ్ళాను.
మూడో వరసలో కూర్చున్నాను.
కుందన మేఘం.
ఒకటే మాట దానికి: "నేను కురవను, పో!"
వారం రోజులు స్నానం చేస్తూ చెప్పుకున్న మాట.
బుధవారం రాత్రి ఐదుగురికి మిషన్లు పెట్టి వచ్చినదాన్ని,
తెర లేచింది తెలుసు,
చప్పట్లు తెలుసు.
మధ్యలో నిద్రపోయాను.

"నిద్రపోయినావు."
"కళ్ళు మూసుకుని విన్నా."
"గురక పెడుతూనా?"
ఆటో చిక్కబాణావర దాటేదాకా
మేఘం కురవలేదు.

పంకజాక్షి పదకొండు రోజులు ఫోను చెయ్యలేదు.
పన్నెండో రోజు చేసి
కొత్తింటి తూములో ఎలుక గురించి చెప్పింది,
అరగంట.
కోపం పోయిందా అని అడగలేదు నేను.
పోలేదని గొంతులో తెలుస్తూనే ఉంది.
కోపం పక్కన పెట్టుకునే
ఎలుకల గురించి మాట్లాడుకునేంత పాతవాళ్ళం.

త్రాసు మీద అంకె
ఎప్పుడూ ఒకచోట నిలబడదు.
మనిషి కదలకుండా నిలుచున్నా
యాభై గ్రాములు అటూ ఇటూ.
మేము మధ్యలో ఒకటి రాసుకుంటాం.

ఇవాళ ఫ్రిజ్ మీద ఒక కాగితం,
ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో.
తలకట్టు తెలుగుది, ఒత్తు కన్నడది,
గడులు మాత్రం అచ్చం మా డ్యూటీ చార్టు:
సోమవారం అమ్మ ఆస్పత్రిది.
మంగళవారం నాన్న బస్సుది.
శనివారం కుందనది. మార్చరాదు.
కింద నాకో గీత గీసిపెట్టింది, సంతకానికి.

పెట్టాను.
పక్కన చిన్నక్షరాలతో
"అత్యవసరమైతే తప్ప" అని రాయబోయి
పెన్నుకి మూత పెట్టేశాను.

శనివారానికి ఇంకా రెండు రోజులుంది.
ఫోను మోగుతోంది.
ఫిలోమినా.