సద్ది గిన్నె

నలభై ఏండ్ల సంది
తినరాని పండ్లే చేసిన.
పొణికి చెక్క సీతాఫలం, ఎర్రటి జామ,
తొడిమె కాడ ఈగ కూసున్నదా అన్నట్టు ఒక చుక్క.
కొన్నోళ్ళు అద్దాల బీరువాల పెట్టుకున్నరు,
"అగో, నిర్మల్ పండు" అని సుట్టాలకు చూపెట్టిన్రు.
ఒక్క పండుకూ పన్ను తగల్లే.

మొన్న హన్మకొండ నుంచి సింధుజ అనే పిల్ల వచ్చింది.
పళ్ళాలు, గిన్నెలు గీసే చదువట.
చున్నీల చుట్టి ఒక గిన్నె తెచ్చింది,
కొరియాల ఏడాదున్నప్పుడు అక్కడి ముసలామె ఇచ్చిందట.
లోపల నలుపు.
నలుపంటే డబ్బాల అమ్మే నలుపు కాదు,
తొలివానకు తడిసి ఆరీ ఆరని రేగడి.
వంగి చూస్తే నా ముక్కుపుల్ల కనవడ్డది.

"చెట్టుకు గాటు పెట్టి జిగురు పడ్తరు పెద్దమ్మా,
పూత మీద పూత, పదో పన్నెండో.
చెమ్మ అల్మారిల ఆరబెడ్తరు."
నవ్వొచ్చింది నాకు.
చెమ్మల ఆరుడేంది?
ఇక్కడ ఎండకాలం రేకుల కింద
కుంచె ముంచి తీసేలోపే రంగు తోలు కడ్తది.

మా ఆయన లింబాద్రి ఏం మాట్లాడలే.
అటకెక్కి
వాళ్ళ నాయన పాన్‌డబ్బా దించిండు.
పండుగ పండుగకూ తుడిచిన డబ్బే,
లోపలేమున్నదో ఎన్నడూ అడగలే.
బెల్లం పెచ్చులోలె లక్క.
వాళ్ళకు గాటు పెడితె గాని రాదు,
మనకు మోదుగు కొమ్మ మీద పురుగే కట్టి పెడ్తది.
డ్యూకో రంగు వచ్చినాక దాన్ని అడిగెటోడే లేడు.
లక్క ఇల్లంటే కథల కాలిపోయేదే కదా, అంతే తెలుసు.

పొణికి గిన్నెకు పనికి రాలే,
నీళ్ళు తాగి ఉబ్బింది, పాపం బొమ్మల చెక్క.
రెండోదానికి చింతగింజల లప్పం పాయ విడిచింది.
మూడోదాన్ని మేక నాకిపోయింది.
టేకు తెచ్చి తరిమెన పట్టినం.
తిరిగే చెక్కకు లక్క కడ్డీ ఆనిస్తే
రాపిడికి కరిగి, పాకి,
పాత ధోతి పీలికతోని తుడిచేసరికి
గిన్నె లోపల పొద్దుగూకింది.
"దీపం మసి కలిపితె వాళ్ళ నలుపు వస్తదేమో" అన్నది పిల్ల.
వద్దన్న.
వాళ్ళ నలుపు వాళ్ళకుండనియ్యి.

సంబురంగ వేడి వేడి గట్క పోసింది.
అంతే, మెరుపు చచ్చి తెల్లగ మచ్చ,
బూజు పట్టిన లెక్క.
"సూపుకే అడిగిన్రు హోటలోళ్ళు"
అని గడపల కూసున్నది సింధుజ, ఫోను బోర్లేసి.
లింబాద్రి బీడీ ఆర్పి అన్నడు:
"వేడికి కరిగి గిన్నెకు అంటిన లక్క బిడ్డా అది.
మల్ల వేడి చూస్తె
కరిగిన సంగతి యాదికి రాదా?"

తెల్లారి ఎవ్వరికీ చెప్పకుండ
ఇంకో గిన్నెల రాత్రి మిగిలిన జొన్న అంబలి పోసిన,
ఇంత చల్ల, ఉప్పు, చిదిమిన ఉల్లిగడ్డ.
ఆయన తాగేదాక చూసిన.
మచ్చ లేదు.
గిన్నె చల్లగ, అరచెయ్యి కూడ చల్లగ,
బయట గోడలు అప్పుడే కాలబట్టినయి.

"ఇది సూపుకు కాదు, సద్దికి, అని రాయి బిడ్డా" అన్న.
"సద్దంటే వాళ్ళకేం తెలుస్తది పెద్దమ్మా?"
"తెల్వకుంటే అడుగుతరు.
అడిగితె చెప్పు."
రాసింది. కొట్టేసింది. మల్ల రాసింది.
నలభై అడిగినోళ్ళు పన్నెండు చాలన్నరు.
పన్నెండే చేస్తున్నం.

లింబాద్రి వేలితోని అడుగు ఊడ్చి నాకి
గిన్నె నా చేతికిచ్చిండు, ఏమనకుండ.
బాయి కాడికి తీస్కపోయిన.
ఇన్నేండ్లల్ల
నేను చేసినదాన్ని నేనే కడుగుడు
ఇదే మొదలు.