మీటరు పొడుగు బోటు

ముడసర్లోవలో నీటి మీద పరిచిన సోలార్ పలకల అంచుకి
నిండు వేగంతో వెళ్లి గుద్దుకుంది.
రిమోటు షైనీ చేతిలోనే ఉంది,
బోటే మాట వినలేదు.
చేపల బుట్టలో పెట్టి, మీద తువ్వాలు కప్పి
హార్బరులో మా షెడ్డుకి తెచ్చింది,
లోపలున్నది ఇంకా కొట్టుకుంటున్నట్టు.
"మాఁవా, రేపటికి అయిపోద్దా?"

ముప్పై రెండడుగుల బోట్లకి మ్యాట్ పరిచే చేతులు నావి.
రోలరు తిప్పితే మోచేతి దాకా రెసిన్.
ఇది నా ఒళ్లో పడుకుంటుంది.
గోరుతో తట్టుకుంటూ పోయాను.
మోత మారిన చోట పొర విడిపోయినట్టు.
ముక్కు దగ్గర పగులు, పైకి కనిపించేది వేలెడు;
లోపల టార్చి వేస్తే జానెడు.

మా గురువు తెడ్డు పరసయ్య అనేవాడు:
"దెబ్బెక్కడ తగిలిందని కాదురా గుంటడా,
పగులెక్కడ ఆగిందో ఆడ సూడు."
ఇంటిపేరు తెడ్డే గానీ
తెడ్డు పట్టగా నేనెప్పుడూ చూళ్లేదు.
పగులు చివర సన్న బెజ్జం పెట్టాను.
అంతదాకా పరుగెత్తుకొచ్చిన గీత
గుండ్రంలో పడి, ఎటు పోవాలో తెలీక
నిలబడిపోయింది.

తర్వాత చెయ్యాల్సింది పాడు చెయ్యడం.
బాగుచేసే ముందు ప్రతిసారీ అంతే.
ఎనభై నంబరు గరుకు కాయితంతో
షైనీ ఇష్టపడి వేసుకున్న ఎర్ర చారలు గీకేశాను.
ఆ కాసేపూ తను
ఐసు లారీ దగ్గరికి పోయి నిలబడింది.

ఫ్యాను కట్టెయ్యాలి. లేకపోతే
పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు నుసి
తడి రెసిన్ మీద వాలుతుంది,
వాలితే ఇక దాని ఇల్లు అదే.
నేను చేసిన ఏ బోటునైనా సానపట్టి చూడండి,
పొరకీ పొరకీ మధ్య కాస్త నలుపు.
శ్రావణమాసం. చెమట ముక్కు చివర వేలాడుతోంది.
గట్టిపడే మందు కొలత ప్రకారమే కలిపాను,
రాత్రి పదైనా వేలికి జిగురే.
సముద్రపు గాలికి కొలతలు పట్టవు.

ఇక నా భయం సంగతి.
మళ్లీ గుద్దుకుంటే?
అడుగున ఒక పొర. మూలల్లో ఇంకొకటి.
అడ్డంగా నాలుగు ప్లైవుడ్ పలకలు.
ముక్కులో ఫోము. మోటారు కింద మరో పొర.
అదీ ఆరాక, అనుమానానికి ఒకటి.

డ్రమ్ములో దించితే
నీటిగీత దాటి రెండు వేళ్లు మునిగింది.
రాయిలా గట్టిగా ఉంది,
రాయి చేసే పనికే సిద్ధంగా ఉంది.
షైనీ తల పక్కకి వంచి చూసింది.
"ఇప్పుడిది గుద్దుకోదులే మాఁవా,
కదిల్తే కదా!"

నవ్వొచ్చింది. కోపం కూడా.
పరసయ్య ఉంటే ఏమనేవాడో తెలుసు,
ఇక్కడ రాయలేను.

మూడు రాత్రులు పెట్టిందాన్ని రెండు రాత్రులు తీశాను.
అడ్డపలకల్లో రూపాయంత బెజ్జాలు.
రాలిన బిళ్లల్ని షైనీ
ఎండురొయ్యలు తూచే కాటాలో వేసి అరిచేది:
నలభై గ్రాములు. అరవై. నూట పది!
ఎక్కడ ఆపాలో కాటా చెప్పదు.
బొటనవేలితో నొక్కి చూడ్డమే.
కొంచెం వంగాలి.
వంగి, తిరిగి రావాలి.

ఆదివారం పొద్దున్నే చెరువు గట్టు.
మీదికంటా ఒంగి మూత బిగించి టేపు వేశాను,
ఊపిరి తీసుకున్నట్టు గుర్తు లేదు.
వదిలితే ముక్కు లేచింది.
నీళ్లని దున్నకుండా
నీళ్ల మీద అగ్గిపుల్ల గీసినట్టు పోయింది.
సోలార్ పలకలు దగ్గర పడుతుంటే
నా కాలు గట్టు మీద లేని బ్రేకుని తొక్కింది.
షైనీ తిప్పింది. మధ్యలో మూరెడు నీళ్లు.

ఒడ్డుకొచ్చాక మూత తీస్తే
అడుగున మూడు చుక్కలు.
పిల్ల ముఖం మాడిపోయింది. "కారిందా?"
వేలు అద్ది నాలిక మీద పెట్టుకున్నాను.
ఇది మంచినీళ్ల చెరువు.
ఉప్పగా ఉంది.

"లేదులే," అన్నాను
మోచేత్తో ముఖం తుడుచుకుంటూ,
"బేగి బ్యాటరీ మార్చు."