రెండుసార్లు పిలువాలె

షార్జాల నాది రాత్రి డ్యూటీ.
ఎన్నడూ ఎగరని విమానాన్ని తుడుస్త.
రెక్కలుండయి, తోకుండది,
ఆరు ఇనుపకాళ్ల మీద పెద్ద తెల్లడబ్బా.
లోపటికి పోతె మాత్రం
అద్దం అవతల అంతా ఆకాశమే.

పైలట్లు ఈడ్నె నేర్చుకుంటరు.
ఇంజన్ కాలుడు, పిట్టలు తగులుడు, పొగ,
తెల్లారేదాక తీరుతీరు ఆపదలు.
వాళ్లు పోయినంక
మీటల మీది చెమట నేను తుడుస్త.
ఏ మీట ఏడుందో కండ్లు మూసుకొని చెప్త,
ఎందుకుందో అడగకుండ్రి.

ఒకనాడు రవూఫ్ సారు, మిస్రీ ఆయన,
నన్ను ఎడమదిక్కు కుర్చీల కూసోబెట్టిండు.
"భూమేశ్, ఇయ్యాల నువ్వే కెప్టెన్‌వి.
నేను దగ్గంగనే సచ్చిపో."

అల్కటి పనే అనుకున్న.
మెడ వాల్చిన, నోరు తెరిచిన.
"గట్లగాదు, పిడి మీదికి ఒరుగు,
బరువంత ఇడిసిపెట్టు.
సచ్చినోడు ఎవలికీ సాయం చెయ్యడు."

పక్కకుర్చీల షమ్మా, ఇరవై మూడేండ్ల పిల్ల,
"కెప్టెన్" అన్నది.
నా బతుకుల నన్ను గట్ల పిలిచినోళ్లు లేరు.
పలుకొద్దు.
"కెప్టెన్!"
పలుకొద్దు.
రెండుసార్లకు జవాబు రాకుంటె
విమానం ఇగ ఆమెది.
నన్ను వెనుకకు గుంజాలె, బెల్టు బిగియ్యాలె,
నా కాళ్లు పెడళ్ల మీదికెల్లి తియ్యాలె,
గప్పుడు కిందికి ఖబరు జెయ్యాలె.
పిల్ల చెయ్యి నా భుజం కాడ్నె ఆగింది.
పెద్దమనిషిని కాలర్ పట్టి గుంజుడెట్ల?
గా ఒక్క ఆలోచనకు
నాలుగువేల అడుగులు ఖర్చయినయి.
అద్దమంత సముద్రం, ఆ మీద ఎరుపు.
"మల్ల" అన్నడు రవూఫ్ సారు.

ఆ రాత్రి ఏడుసార్లు సచ్చిన.
ఆఖరుసారి
సిమెంటు బస్తాను గుంజినట్టు గుంజింది.
చక్రాలు నేలకు తాకిన సప్పుడు
కండ్లు తెరువకుండనే విన్న.

క్యాంపుల అడుగుతరు,
"ఇద్దరు పైలట్లూ పడిపోతె నువ్వు దించుతవా?"
ఒకపారి సారు నవ్వుకుంట నన్నే దించుమన్నడు.
మూడుసార్లు దించిన,
మూడుసార్లూ సముద్రంల్నె.
గా ముచ్చట వీళ్లకు చెప్పలే.
"రేడియోల ఎవలన్న చెప్తుంటె సూద్దాం తీ" అన్న.

ఆగస్టు. తెల్లారుగట్ల సజ్జా పోయే బస్సు.
ముప్పై ఎనిమిది మంది, అందరు నిద్రల.
నేను ముందట సీట్ల.
డ్రైవర్ గుల్ జమాన్ తల ఊగుతున్నది.
పాటకు ఊగుతుండనుకున్న.
పాట లేదు.
"ఉస్తాద్."
ఏసీ సప్పుడు తప్ప ఏం లేదు.
"ఉస్తాద్!"

గంతే, మూడోసారి పిలువలే.
కాలర్ పట్టి వెనుకకు గుంజిన,
బూటు పట్టి పెడల్ మీదికెల్లి తీసిన.
ట్రాలా ఒకటి హారన్ మొత్తుకుంట
పక్కపొంటి ఉరికింది.
స్టీరింగును ఇసుక దిక్కు మెల్లగ, ఇంకింత మెల్లగ.
బస్సు నడుపుడు నాకు రాదు.
ఆపుడు వస్తదని గప్పుడే తెలిసింది.

వెనుకకెల్లి ఒకలు "క్యాంపు వచ్చిందా?" అని
మల్ల పండుకున్నరు.
షుగరు పడిపోయిందట గుల్ జమాన్‌కు.
సోయి వస్తుంటె తీపినీళ్లు తాపిన.
మంచిగ కండ్లు తెరిచి
మొదలు అడిగిన మాట,
"బస్సెందుకు ఆపినవ్?"

ఆ రాత్రి మల్ల డ్యూటీ, మల్ల సచ్చుడు.
కుడిదిక్కు ఎవలో కొత్త పిలగాడు.
"కెప్టెన్" అన్నడు.
వాని గొంతుల వణుకు
పొద్దుగాల బస్సుల నాదే.
"కెప్టెన్!"
ఉన్న బిడ్డా, అని నోటిదాక వచ్చింది.
పండ్లు బిగవట్టి
ఇంకింత బరువైన.